గట్టువాళ్ళ గోలుకు కొత్త వల

చెక్కసూది వల కంట్లోంచి దూరింది, కన్ను కొలతకు పట్టుకున్న కొలపలక చుట్టూ తిరిగి వచ్చింది, బొటనవేలి కింద తాడు ఒక్క క్షణం ఆగింది, ముడి పడింది. అల్లుతున్నప్పుడు వలపిన్ని వేళ్ళ వైపు చూడదు. ముందుగది గోడకు వరసగా కొట్టిన మేకులకు కొత్త వల వేలాడుతోంది. ఆమె చూపు మాత్రం నేల మీద పరిచిన పాత వల మీద ఉంది. దాని అడుగు అంచు ఆమెకు నచ్చలేదు.

ఆ పాత వల ఆమె మామగారు అల్లింది. ఇరవై ఆరేళ్ళ కిందట గట్టు మీద ఫుట్‌బాల్ మైదానంలో ఇనప గోలుస్తంభాలు నిలబెట్టిన ఏడాది రెండు వలలు అల్లి ఇచ్చాడు. ఆయనది ఎడమచేతి వాటం. ఆయన వేసిన ముడి కొస ఎడమకు వాలుతుంది. వలంతా అదే ముడి. అడుగున మాత్రం ముడులు కుడికి వాలాయి, తాడు కూడా వేరే. ఎవరో ఒక వరస అడ్డంగా కోసేసి అంచుతాడు మళ్ళీ కట్టారు.

ఎవరు కోశారన్నది తర్వాతి మాట. ఎందుకు కోశారన్నదే ఆమెను తొలిచేస్తోంది. చిరిగిన చోట అతుకు వేస్తారు గానీ, బాగున్న వరసను ఈ చివర నుంచి ఆ చివరకు కోయడమేమిటి?

వలలో ఒక్కో గడిని కన్ను అంటారు. ఈ వలకు కన్ను నాలుగంగుళాలు. గోలు ఎత్తు ఎనిమిది అడుగులు. అది ఎక్కడైనా ఒకటే కొలత. పక్క వల స్తంభం వెంబడి నిటారుగా దిగుతుంది కాబట్టి పై నుంచి కిందకు ఇరవై నాలుగు కళ్ళుండాలి. పాతదానిలో ఇరవై మూడే ఉన్నాయి. రెండోసారి లెక్కపెట్టినా అంతే.

"అచ్చం పాతదానిలాగే కావాలి" అని గట్టు క్లబ్బు సెక్రటరీ కబురు పంపాడు. ఆమె ఇరవై నాలుగే వేసింది.

వీధిలో ఆమెను పిన్ని అనని వాళ్ళు లేరు. ఆమె కంటే పదేళ్ళు పెద్దదైన ఎదురింటి ముసలమ్మ కూడా "వలపిన్నీ" అనే పిలుస్తుంది. మామగారు ఆమెకు పని నేర్పలేదు. ఆయన ఎవరికీ నేర్పేవాడు కాదు, పక్కన నిలబడి చూసేవాళ్ళను తరిమేవాడూ కాదు. ఆమె కూరలు తరుగుతూ చూసింది. ఆయన పడుకున్నప్పుడు పాడైపోయిన చేపలవల ఒకటి తీసి, సగం విప్పి, మళ్ళీ అల్లింది. ముడి జారింది. విప్పింది. మళ్ళీ అల్లింది. ఒకరోజు ఆయన ఆ వల చేతిలోకి తీసుకుని లాగి చూసి, తన రెండో సూది ఆమె ముందు పెట్టి వెళ్ళిపోయాడు. భర్త లారీ తోలతాడు. వారంలో మూడు రోజులే ఇంట్లో ఉంటాడు. ఆ మూడు రోజులూ వల కింద నుంచి వంగి వంటింట్లోకి వెళ్ళడం ఆయనకు అలవాటైపోయింది.

గట్టు అంటే ఊరికి పైనున్న డబ్బున్నవాళ్ళ పేట. మేముండేది పల్లం. గట్టు మీద వీధులు కడిగి ఆరబెట్టినట్టుంటాయి. ప్రతి గేటుకూ వాళ్ళ జట్టు రంగులు, నీలం తెలుపూ. చెత్తడబ్బాలకూ అవే. కుక్కల మెడపట్టీలకూ అవే. ఆట ఉన్న సాయంత్రం ముసలివాళ్ళు కూడా మడత కుర్చీలు చంకన పెట్టుకుని మైదానానికి బయల్దేరతారు. "మా పచ్చిక మీద నీటిబొట్టు నిలవదు" అన్నది వాళ్ళు కొత్తవాళ్ళకు చెప్పే మొదటి మాట. ఆ నిలవని నీళ్ళు ఎక్కడికి పోతాయో చెప్పరు. నీరు పల్లమెరుగు. వాన పడితే మా గుమ్మాలకే తెలుసు.

గట్టు మీద తోటలు కత్తిరించేది, కుళాయిలు బిగించేది పల్లంవాళ్ళే. సాయంత్రం దిగి వచ్చి టీకొట్టు దగ్గర గట్టును దుమ్మెత్తి పోసేదీ వాళ్ళే. ఆ పోయడంలో అందరికంటే పెద్ద చెయ్యి పిన్ని తమ్ముడిది. అతను వెల్డింగ్ పని చేస్తాడు. వీధిలో అతని పేరు అడ్డకర్ర. పదమూడేళ్ళ కిందట గట్టు మైదానంలో ఫైనల్ ఆడుతూ, చివరి నిమిషంలో అతను కొట్టిన బంతి గోలు పైనుండే అడ్డకర్రకు తగిలి బయటికి పోయింది. కప్పు గట్టుకు, పేరు ఇతనికి మిగిలాయి. కోపం వస్తే పెళ్ళాం కూడా ఆ పేరుతోనే పిలుస్తుంది.

శనివారం పొద్దున అక్కాతమ్ముళ్ళు రెండు కొత్త వలలూ అతని ట్రాలీలో వేసుకుని గట్టెక్కారు. మర్నాడే ఫైనల్. ఈ శనివారం మధ్యాహ్నం మూడింటికి ఫుట్‌బాల్ సంఘం తరఫున తనిఖీ అధికారి వచ్చి మైదానం కొలుస్తాడు. ఏదైనా తేడా ఉంటే ఆట పల్లం మైదానానికి మారుతుంది. అక్కడ గడ్డి తక్కువ, దుమ్ము ఎక్కువ, కొలతలు మాత్రం సరిగ్గా ఉన్నాయి.

పిన్ని నిచ్చెన ఎక్కి పై అంచు కట్టింది. స్తంభం వెంట పక్క వల దించింది. ఒక వరస గడ్డి మీద పోగుపడింది.

తెల్ల బూట్ల సెక్రటరీ వచ్చి చూశాడు. "ఏంటమ్మా ఇది? అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టుంది!"

"కొలత ప్రకారమే అల్లానండి."

"పాతదానిలాగే అన్నాను కదా! పల్లంలో పని చేయిస్తే కొలత మీద ఆశ వదులుకోమని మావాళ్ళు చెప్తూనే ఉన్నారు. సరే, కింద ఒక వరస కోసెయ్యండి."

"కొయ్యనండి. కోస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టే. ఎక్కడ తేడా వచ్చిందో చూడనివ్వండి."

"మూడింటిదాకా చూసుకోండి. అప్పటికీ ఇలాగే ఉంటే నేనే కత్తెర పెడతా. తర్వాత ఈ మైదానంలో మీకు పని ఉండదు." ఆయన క్లబ్బు వైపు వెళ్ళిపోయాడు.

పిన్ని మొహం ఎర్రబడింది. పల్లం పని అంటే కొలత తప్పు పని అన్న మాట రేపటికల్లా గట్టంతా పాకుతుంది. తమ్ముడి దగ్గర టేపు తీసుకుని అడ్డకర్ర కింది అంచుకు ఆనించి గడ్డి దాకా లాగింది. ఏడడుగుల ఎనిమిదంగుళాలు.

"సరిగ్గా పట్టు," అంది.

"సరిగ్గానే పట్టానక్కా. నాలుగంగుళాలు తక్కువ." అతను టేపు మీది అంకె మళ్ళీ చూశాడు. "నాలుగంగుళాలు! అంటే నా బంతి..."

"నీ బంతి తర్వాత. స్తంభం కుంగిందా, నేల లేచిందా? అది తేల్చు ముందు."

మైదానం చూసుకునే పెద్దాయన పార పట్టుకుని వచ్చాడు. పుట్టింది పల్లంలోనే, కానీ ముప్ఫై ఏళ్ళుగా మైదానం పక్క గదిలోనే ఉంటాడు. పల్లంవాళ్ళు ఆయన్ని గట్టు మనిషంటారు, గట్టువాళ్ళు పల్లం మనిషంటారు.

"వల కోసింది నేనేనమ్మా," అన్నాడు తల గోక్కుంటూ. "ఏటా కొంచెం కొంచెం గడ్డి మీదకి జారేది. వానలకి నైలాన్ సాగిందనుకున్నా."

"రెండు వలలూ ఒకేలాగా సాగుతాయా పెద్దాయనా? సాగితే కన్ను సన్నబడాలి కదా? ఏదీ సన్నబడలేదే. గోలు ముందు మీరేం చేస్తారో చెప్పండి. ఏటా చేసేది, మర్చిపోకుండా."

ఆయన ఉత్సాహంగా చెప్పాడు. గోల్‌కీపర్ కాళ్ళకింద గడ్డి చచ్చి గుంట పడుతుంది. గుంట కనిపిస్తే గట్టువాళ్ళు ఊరుకోరు. ఆటలు అయిపోగానే మట్టి పోసి, పైన ఇసక పోసి, కొత్త గడ్డి పరుస్తాడు. నీళ్ళు నిలవకుండా ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే పోస్తాడు. "అందుకే మా పచ్చిక..." అని ఆగిపోయాడు.

పిన్ని పార వైపు చూసింది. కన్నబిడ్డకు సూది మందు వేయిస్తున్నట్టు మొహం పెట్టి, ఆయన స్తంభం పక్కన జానెడు ముక్క తవ్వి తీశాడు.

గుంట గోడలో చారలు కనిపించాయి. నల్లమట్టి, తెల్ల ఇసక, మళ్ళీ నల్లమట్టి. ముగ్గురూ బోర్లా పడుకున్నంత పని చేసి లెక్కపెట్టారు. కొన్ని చారలు గోరంత, కొన్ని దారమంత. ఏడాదికొక తెల్ల చార, మొత్తం ఇరవై ఆరు. అన్నిటికంటే కింద పాత గడ్డి వేళ్ళు, స్తంభం దిగిన సిమెంటు అంచు. స్తంభం ఎక్కడ నాటారో అక్కడే ఉంది. నేలే లేచింది.

తమ్ముడు పుల్లతో పై నుంచి పదమూడో చార మీద గుర్తు పెట్టాడు. అక్కడి నుంచి కిందకు కొలిచాడు. "రెండంగుళాలు. ఆ రోజు కర్ర రెండంగుళాలు కిందకుంది! విన్నారా?"

పెద్దాయన ఆలోచించాడు. "బంతి కర్రకి ఎక్కడ తగిలిందిరా? కింది అంచుకా, నడిమికా?"

తమ్ముడు పుల్లతో ఇసక గీకాడు.

"పదమూడేళ్ళుగా రోజూ చెప్తున్నావు, అది గుర్తులేదా?" అంది పిన్ని.

"తగిలిందని గుర్తు. ఎక్కడ తగిలిందో ఎవడు చూశాడు!"

పెద్దాయన అవతలి గోలు కొలవడానికి వెళ్ళాడు. తమ్ముడు గొంతు తగ్గించాడు. "అక్కా, నోరు మెదపకు. మూడింటికి అధికారి వస్తాడు, టేపు పెడతాడు. వీళ్ళ పరువు నడిబజార్లో పడుతుంది. ఆట మన మైదానానికొస్తుంది. మనం చేయాల్సిందల్లా టీ తాగుతూ చూడటం."

"ఆ టేపు పెట్టేలోపు ఆయన నా వలకి కత్తెర పెడతాడు. నువ్వు టీ తాగుతావు, నేను ఏం తాగను?"

"తర్వాత నిజం తెలుస్తుందిగా."

"తర్వాత తెలిసే నిజం కోసం ఇప్పుడు మంచి వల కోయించుకోనా? అయినా తప్పు కనిపెట్టి దాచుకుంటే పనివాళ్ళమెలా అవుతాంరా?" ఆమె లేచి చీరకంటిన మట్టి దులుపుకుంది.

సెక్రటరీ నమ్మలేదు. తన టేపు తెచ్చుకున్నాడు. మూడుసార్లు కొలిచాడు, మూడోసారి వంగి గడ్డిని వేళ్ళతో నొక్కి మరీ కొలిచాడు. ఎంత నొక్కినా ఏడడుగుల ఎనిమిదే. ఆయన గుంట దగ్గర కూర్చుండిపోయాడు, తెల్ల బూట్లకు మట్టి అంటినా చూసుకోలేదు.

"ఇన్నేళ్ళ కప్పులన్నీ..." అన్నాడు.

"కప్పుల సంగతి నాకు తెలియదండి. ఎత్తు సంగతి చెప్పాను."

"తవ్వేస్తే?"

"గోలు ముందు చెరువవుతుంది," అన్నాడు పెద్దాయన తిరిగొచ్చి. "అటువైపు మూడంగుళాలు. అక్కడ జనం కూర్చోరు కదా, పోత కాస్త తక్కువ."

పిన్ని తమ్ముడి వైపు చూసింది. అతను అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని స్తంభం మొదలు తడుముతున్నాడు. చూడకుండా ఉండలేకపోయాడు. స్తంభం సిమెంటులో పాతిన లావు గొట్టంలోకి రెండడుగులు దిగి ఉంది, అడ్డంగా ఒక బోల్టు. బోల్టు తీసి, స్తంభం పైకెత్తి, గొట్టం అడుగున ఇనప ముక్క వేస్తే సరిపోతుంది. రెండడుగుల పట్టులో నాలుగంగుళాలు పోయినా స్తంభం కదలదు.

"మీరు చేయగలరా?" అని సెక్రటరీ అడిగాడు.

"నేనా? నేనెవరో తెలుసా మీకు?"

సెక్రటరీ నిజంగానే పరీక్షగా చూశాడు. "క్షమించండి. ఎక్కడైనా కలిశామా?"

"పదమూడేళ్ళ కిందట ఫైనల్లో, ఇదే గోలుకి..."

"ఆ ఏడు ఫైనల్ ఎవరితో ఆడాం పెద్దాయనా? పల్లంతోనా?"

తమ్ముడు మోకాళ్ళ మీంచి లేచాడు. గట్టంతా తనను తలుచుకుని నవ్వుతోందని పదమూడేళ్ళుగా అతని నమ్మకం. ఆ పేరు పెట్టింది, దాన్ని రోజూ టీకొట్టు దగ్గర నీళ్ళు పోసి పెంచింది మనవాళ్ళేనని అప్పుడు తట్టింది కాబోలు. "బోల్టులకి మందు కొట్టి ఉంచండి, తుప్పు వదలాలి," అని ట్రాలీ వైపు నడిచాడు.

గంటలో ముక్కలు కోసుకుని వచ్చాడు. రెండు నాలుగంగుళాలవి, రెండు మూడంగుళాలవి. కోసిన మొహాలు ఆకురాయితో నున్నగా చేశాడు. గొట్టంలో ఎవరికీ కనిపించని ముక్కలవి. ఎందుకంత నునుపని సెక్రటరీ అడిగితే, "వంకరగా ఉంటే స్తంభం వంకరగా కూర్చుంటుంది సార్," అన్నాడు. స్తంభాలు ఎత్తడానికి క్లబ్బు పెద్దమనుషులు చొక్కా చేతులు మడుచుకుని వచ్చారు.

"ఎత్తండి సార్, పువ్వులు పట్టుకున్నట్టు పట్టుకుంటే లేవదు!"

"ఎత్తుతూనే ఉన్నామయ్యా!"

"అది మీ ఊపిరి, స్తంభం కాదు!"

గోలు లేచింది, కూర్చుంది. బోల్టుకు కొత్త కన్నం తొలిచి బిగించాడు. తర్వాత అవతలిది. పెద్దాయన తవ్విన ముక్కను దాని గుంటలోనే పెట్టి అరచేత్తో అదిమాడు.

పిన్ని నిచ్చెన జరుపుకుంటూ వల పక్కలు వదిలింది. అంచుతాడు గడ్డి మొనలను తాకి ఆగింది. మూడింటికి వచ్చిన అధికారి రెండు గోలులకూ టేపు పెట్టాడు, కాగితం మీద రాసుకున్నాడు, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆ ఉద్యోగంలో మెప్పు. వెళ్తూ వెళ్తూ వలను రెండు వేళ్ళతో లాగి, వదిలి, "ఎవరల్లారు?" అని మాత్రం అడిగాడు.

"పల్లంలో ఒకావిడ," అన్నాడు సెక్రటరీ. ఒక క్షణం ఆగి, "ఈవిడే," అని చేయి చూపించాడు.

పిన్ని అప్పటికి చివరి ముడి బిగించి, మిగిలిన తాడు ఉండ చుట్టి పెద్దాయన చేతిలో పెట్టింది.

"రెండు వలలు, ఒక ఉండ. తడిస్తే విప్పి నీడలో ఆరబెట్టండి. లాగి చూసుకుని తీసుకోండి."

పెద్దాయన రెండు వలలనూ మూల మూలనా లాగి చూశాడు. "తీసుకున్నానమ్మా," అన్నాడు.