కనపడేలా పెట్టించిన కెమెరా

పోయిన వారం మా కుక్క నల్లోడు గేటు దగ్గర నురగలు కక్కుకుని చనిపోయాడు. ఎవరో అన్నంలో మందు కలిపి పెట్టారు. నైట్ షిఫ్టు చేసి వస్తే దాని అరుపులకు నిద్ర పట్టడం లేదని ఎదురింటి కాక అంతకుముందు నెల నుంచి గొడవ పడుతూ వచ్చాడు. చూసినవాళ్ళు లేరు కాబట్టి ఆయన్ని నేనేమీ అనలేకపోయాను.

ఈ రోజు పొద్దున గోదావరిఖనిలో కెమెరాల దుకాణానికి వెళ్ళాను. దుకాణం అతను గోడలో కలిసిపోయే చిన్న కెమెరా చూపించాడు. నేను అన్నిటికంటే పెద్దది అడిగాను.

"దొంగకు కనపడద్దని అందరు చిన్నదే కొంటరక్కా."

"నాకు కనపడేదే కావాలె తమ్మీ."

రికార్డింగు పదిహేను రోజులు నిలిస్తే చాలా, నెల రోజులు కావాలా అని అడిగాడు. నెల అన్నాను. నా కోపం పదిహేను రోజుల్లో పోయేది కాదు.

మధ్యాహ్నానికల్లా మనిషి వచ్చి బిగించి వెళ్ళాడు. సాయంత్రం కాక మా గేటు దాకా వచ్చాడు.

"ఏందమ్మా, కెమెరా మా ఇంటి దిక్కు పెట్టినవ్?"

"మీ ఇంటి దిక్కు కాదు కాకా. నల్లోడు పడి సచ్చిన జాగ దిక్కు."

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఆయన భార్య ఒక్కతే వచ్చింది. "నేను వద్దనే అన్న బిడ్డా," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆమెను చూస్తే జాలేసింది. కెమెరా మాత్రం తీయను. ఆయన రోజూ డ్యూటీకి దాని ముందు నుంచే పోవాలి. నాది తప్పంటారా? చెప్పండి, వింటాను. తీయడం మాత్రం తీయను.