నా దెబ్బలు తిన్న ఎస్తేరు

మా చిన్నప్పుడు నందిగామలో, ఏడో తరగతి గదిలో చివరి బెంచీ మీద మేమిద్దరమే కూర్చునేవాళ్ళం... నేనూ, ఎస్తేరూ. మా పక్కన కూర్చోవడానికి ఇంకెవరూ ఒప్పుకునేవారు కాదు మరి.

నాకు చాడీలు చెప్పడమంటే మహా సరదా. ఎవరు మాట్లాడినా, ఎవరు జామకాయ కొరికినా లెక్కల మాస్టారి చెవిన వేసేదాన్ని. ఎస్తేరు కంచికచర్ల నుంచి బస్సులో వచ్చేది. వాళ్ళ నాన్న అక్కడ టీచరు. దాని నోటికి అబద్ధాలే ఎక్కువ... ఎప్పుడైనా నిజం చెప్పిందంటే ఎవరో ఒకరు ఏడ్చేవాళ్ళు. సత్తు క్యారేజీ మూత అడ్డం పెట్టుకుని తినేది. ఎవరికీ మెతుకు పెట్టేది కాదు.

క్వార్టర్లీ లెక్కల పరీక్షలో నాకేమీ రాలేదు. ఎస్తేరు పేపర్లోకి చూసి దించేశాను... అది చేసిన తప్పులతో సహా.

మాస్టారు రెండు పేపర్లూ పట్టుకుని మమ్మల్ని నిలబెట్టారు. "ఎవరు ఎవర్ని చూసి రాశారు?"

క్లాసంతా ఎస్తేరు వైపే చూసింది. అందరి మీదా చాడీలు మోసే నేను నోరు విప్పలేదు.

"నేనేనండి," అంది ఎస్తేరు.

అరచేతులు వాచేలా కొట్టారు.

సాయంత్రం బస్టాండులో అడిగాను. "ఎందుకే అట్టా చెప్పావు?"

"నువ్వు నిజం చెప్తావేమోనని చూశా. చెప్పలా. ఇహ ఎవరి మీద చాడీలు చెప్తావో నేనూ చూస్తా!"

నన్ను కాపాడాలని కాదు... నా నోరు కట్టెయ్యాలని!

ఇంటికెళితే అన్నం సయించలేదు. మర్నాడు క్లాసులోనే లేచి నిజం చెప్పేశాను.

మాస్టారు కరిగిపోయారు. "స్నేహితురాలి తప్పు నీ మీద వేసుకుంటున్నావా? ఎంత మంచి మనసమ్మా!" అని నా భుజం తట్టి, "చూసి నేర్చుకో!" అని ఎస్తేరును మళ్ళీ తిట్టారు.

"నిజంగా నేనేనండీ!" అని అరిచాను. ఒక్కరూ నమ్మలేదు. ఎస్తేరు మాత్రం బల్ల మీద తల పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

ఆ మధ్యాహ్నం మొదటిసారి క్యారేజీ నా వైపు జరిపింది. "తిను. పచ్చడి ఎక్కువ వేసుకోమాక."

ఈమధ్య జగ్గయ్యపేటలో మా బ్యాచ్ వాళ్ళంతా కలుద్దామనుకున్నారు. "ఎస్తేరు వద్దులే, దాని నోరు మంచిది కాదు" అని వాట్సాప్ గ్రూపులో ఒకరు పెట్టారు. పదిమంది బొటనవేళ్ళు ఎత్తారు.

"అది రాకపోతే నేనూ రాను" అని పెట్టి బయటికొచ్చేశాను.

ఆ రోజు మేమిద్దరం వేదాద్రి వెళ్ళాం. కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చుని ఆ పదిమందినీ పేరుపేరునా ఆడిపోసుకున్నాం. ప్రాణం హాయిగా ఉంది. ఏం, తప్పా?

అప్పట్లో నచ్చకపోయినా ఒకరినొకరం భరించేవాళ్ళం... పోట్లాడుకుంటూనే దగ్గరయ్యేవాళ్ళం. ఇప్పుడు నచ్చనివాళ్ళని ఒక్క వేలితో తీసేస్తున్నాం.

మీకూ ఎవరికీ నచ్చని స్నేహితురాలు ఒకరుంటే కింద ఆమె గురించి రాయండి... "కానీ మనసు మంచిది" అని సంజాయిషీ మాత్రం ఇవ్వకండి.