దేవవ్వ తొట్టి నీళ్లు

లింగంపేటలో బీడీలు చుట్టే దేవవ్వ, ఎల్లారెడ్డి సంతలో మనవరాలు ఆడుకోవడానికి కొన్న, గాలి ఊదే ప్లాస్టిక్ నీళ్ల తొట్టి పక్కనే బీడీల చాట పెట్టుకుని కూచుంటుంది. బోరు ఎండిపోయింది, ట్యాంకరు నాలుగు రోజులకోసారి వస్తుంది. అందుకే తొట్టి నీళ్లు వారం దాకా పారబోయనివ్వదు. కాళ్లు కడగందే పిల్లను దిగనివ్వదు, ఆ కడిగిన నీళ్లు మిరప మొక్కలకు పోస్తుంది. చాయ్ వడబోసే జాలితో చీమలనూ ఆకులనూ ఏరుతుంది, పొద్దుగూకితే పాత చీర కప్పుతుంది.

ఒక శుక్రవారం ఆశా కార్యకర్త అనిల రిజిస్టరుతో వచ్చింది. "అవ్వా, నిలువ నీళ్లల్ల దోమలు పుడ్తయి. పారబొయ్యాలె," అంది.

"దోమలేడియి బిడ్డా? తాగే నీళ్ల లెక్క సాఫున్నయి."

"అయితే తాగు మరి."

దేవవ్వ చెంబు ముంచి, నోటి దాకా తెచ్చి ఆగింది. మనవరాలి వైపు తిరిగి, "సింధూ, నిజం చెప్పు. ఇందుల ఉచ్చ పోసినవా?" అని అడిగింది.

సింధూజ చాలాసేపు ఆలోచించింది. "ఇయ్యాల పొయ్యలే."

దేవవ్వ చెంబు మూతికి కొంగు అడ్డం పెట్టి, కళ్లు మూసుకుని చెంబెడూ తాగింది. మూతి తుడుచుకుని మళ్లీ బీడీ ఆకు అందుకుంది. అనిల రిజిస్టరులో వచ్చీరాగానే రాసిన 'నిలువ నీళ్లు' కొట్టేసి, 'తాగునీళ్లు' అని రాసుకుని పక్కింటికి పోయింది.