గట్టు మీద గడ్డి కొలిచినందుకు

ఈ రోజు గడ్డి నమూనాలు సేకరిస్తూ తిరుగుతుంటే, పెదకాకాని దగ్గర రెండు మిరప చేల మధ్య గట్టు మీద పుస్తకంలో తప్ప నేనెప్పుడూ చూడని అడవి గడ్డి కనిపించింది. పొడవు చూద్దామని టేపు తీశాను. అంతే, అటు చేను సుబ్బారావు గారు, ఇటు చేను మస్తాన్ గారు పరిగెత్తుకొచ్చి, నేను గట్టు కొలుస్తున్నాననుకుని, "సర్వేయర్ని పిలుస్తావా?" అంటూ ఒకరి మీద ఒకరు లేచారు.

"గట్టుని కాదండీ, గడ్డిని కొలుస్తున్నా. ఇది పాత గట్టు మీద తప్ప ఎక్కడా మొలవదు" అన్నాను.

"అంటే గడ్డి ఉన్నంత మేరా గట్టేనా?" అన్నారు మస్తాన్ గారు, గొంతు తగ్గించి.

చూస్తే గడ్డి ఇద్దరి మిరప సాళ్లలోనూ ఉంది. ఇద్దరూ గట్టుని చేలో కలిపేసుకున్నారన్నమాట! గట్టు గుర్తు మిగలకుండా ఇద్దరూ వంగి, చెరో పక్క నుంచి మొత్తం పీకేశారు.

నాకు ఒక్క కంకి దక్కింది. గట్టు పక్క రైతులిద్దరూ ఒక్క మాట మీద ఉండటం కూడా కళ్లారా చూశాను. రెండిట్లో ఏది అరుదో మీరే చెప్పండి.