నాకంటే ముందు ఆగిన బండి

ముప్పై ఒక్క సంవత్సరాలు నేను బస్సు నడిపాను. కోరుట్ల నుంచి జగిత్యాల, జగిత్యాల నుంచి సిరిసిల్ల, మళ్లీ వెనక్కి. అన్నేళ్లలో నా బస్సు కింద పడింది ఒక్క కోడి. అందులో కూడా తప్పు కోడిదేనని కండక్టరు సాక్ష్యం చెప్పాడు. రిటైరైన రోజు డిపోలో శాలువా కప్పి, గోడ గడియారం చేతికిచ్చి, నా చూపు గురించీ నా చేతి నిదానం గురించీ పది నిమిషాలు పొగిడారు. అలాంటి మనిషికి అరవై రెండో ఏట, తనంతట తానే బ్రేకు వేసుకునే కారు తెచ్చి ఇచ్చింది నా కూతురు.

దానికి కారణం పాత కారు. రిటైరయ్యాక రెండేళ్లలో దాని ఎడమ పక్కంతా గీతలు పడ్డాయి. ఒకసారి మా గేటు స్తంభం, ఒకసారి కోరుట్ల అంగడిలో తోపుడు బండి, ఒకసారి మా బావమరిది ఇంటి అరుగు. ప్రతిదానికీ నా దగ్గర జవాబు ఉంది. స్తంభాన్ని మేస్త్రీ ఇరుకుగా కట్టాడు. తోపుడు బండివాడు చెప్పా పెట్టకుండా ముందుకొచ్చాడు. అరుగు సంగతి మా బావమరిదినే అడగాలి, దాన్ని రోడ్డు మీదికి పెంచిన మనిషి ఆయనే. మూడు సార్లూ ఎడమ పక్కే ఎందుకు తాకింది అని నా భార్య అడిగింది. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి గనక అన్నాను. ఆ జవాబు ఆమెకు నచ్చలేదు. నాకు మాత్రం బాగానే అనిపించింది.

నా కూతురు సిరిసిల్లలో ఉంటుంది. ఇంటి కింది భాగంలో మగ్గాలు నడుస్తాయి, పైన తను, అల్లుడు, రెండేళ్ల మనవడు ఉంటారు. ఆ చప్పుడులో కాపురం చేసీ చేసీ, ఏ మాటైనా గట్టిగా, ఒక్కసారే చెప్పడం అలవాటు చేసుకుంది. కొత్త కారును మా వాకిట్లో నిలబెట్టి, తాళంచెవి నా చేతిలో పెట్టే ముందు షరతు చెప్పింది.

"బాపూ, గీ బ్రేకులేసే మిషిన్ బంద్ చెయ్యద్దు. ఇంకొక్క గీత పడ్డా, ఎవలికన్న తాకిచ్చినా, తాళంచెవి నాకిచ్చి ఎనక సీట్ల కూసోవాలె. మళ్ల మాట లేదు."

వెనక సీటు అంటే నాకు ఏమిటో చెప్పాలి. నాకు వంట రాదు. పేకాట రాదు. నలుగురిలో కూర్చుని రాజకీయాలు మాట్లాడితే కోపం వస్తుంది, ఇంటికొచ్చాక కూడా తగ్గదు. పొద్దున్నే లేచి బండి తీయడం ఒక్కటే నాకు వచ్చిన పని. భార్యను ఆమె పుట్టింటికి దింపాలన్నా, పక్కింటివాళ్లను ఆస్పత్రికి తీసుకుపోవాలన్నా, మల్యాల నుంచి ఎవరో చుట్టాన్ని తీసుకురావాలన్నా నన్నే పిలుస్తారు. స్టీరింగు పోతే నన్ను పిలవడానికి కారణం ఉండదు. ఆ భయంతోనే షరతుకు ఒప్పుకున్నాను.

బండి అప్పగించిన రోజు షోరూమ్ కుర్రాడు మిషిన్ సంగతి ఓపిగ్గా వివరించాడు. ముందు అద్దం పైభాగంలో, వెనక బండ్లను చూసుకునే లోపలి అద్దం వెనక ఒక కెమెరా ఉంటుంది. ముందు బంపర్ లోపల రాడార్ ఉంటుంది. ఎదురుగా ఉన్నది మనిషా, బండా, జంతువా అని కెమెరా పోల్చుకుంటుంది. అది ఎంత దూరంలో ఉంది, మనం ఎంత వేగంగా దాని మీదికి పోతున్నాం అని రాడార్ కొలుస్తుంది. రెండూ కలిసి, ఇంకా ఎన్ని సెకన్లలో గుద్దుకుంటామో లెక్క కడతాయి. మొదట కూత పెడుతుంది. వినకపోతే స్టీరింగు ముందున్న బోర్డు మీద ఎర్ర దీపం వెలిగిస్తుంది. అప్పటికీ మనం కాలు కదపకపోతే తానే బ్రేకు వేస్తుంది.

"కుక్క సంగతి దీనికి ఎరికేనా?" అని అడిగాను.

"కుక్క కనవడ్తది సార్."

"కనవడుడు కాదు బాబూ. కుక్క సగం దాటినంక ఎనకకు తిరుగుతది. బర్రె తిరగది. గది ఎరికేనా?"

"అప్‌డేట్ వస్తది సార్," అన్నాడు.

నాకు ఏ అప్‌డేటూ రాలేదు. మందలో మొదటి మేక దాటిందంటే మిగతా నలభై దాటినట్టేనని నేను రోడ్డు మీదే నేర్చుకున్నాను. పిల్లవాడికంటే ముందు బంతి వస్తుంది. మోటార్ సైకిల్ మీద ఫోన్ మాట్లాడేవాడు మెడ ఏ పక్కకు వంచితే బండి ఆ పక్కకే వస్తుంది. మిషిన్ ఉన్నదాన్ని చూస్తుంది, డ్రైవరు ఇంకా రానిదాన్ని చూస్తాడు. ఈ మాట నేను ఆ నెలలో చాలామందికి చెప్పాను. అందరూ తల ఊపారు.

మొదటి రెండు వారాలు ఆ మిషిన్ నా పరువు తీసింది. సిరిసిల్ల దారిలో గుడ్డల మూటలు వేసుకుని పోతున్న ఆటోను చూసి, అది మలుపు తిరిగిపోతోందని తెలియక, నడిరోడ్డు మీద బ్రేకు వేసింది. మల్యాల దగ్గర కొండగట్టు హనుమంతుడి గుడికి నడిచిపోతున్న అంజన్న మాలధారులు రోడ్డు పక్కన వరుసగా వస్తుంటే, ఒక్కొక్క స్వామికీ విడివిడిగా కూత పెట్టింది. స్వాములు తిరిగి చూసి, పాపం, పొదల్లోకి దిగి నాకు దారి ఇచ్చారు. గాలికి లేచిన పరదాను చూసి ఆగినప్పుడు వెనక ట్రాక్టరువాడు నన్ను అన్న మాటలు రాయడానికి వీలు కాదు. డ్రైవరుగా నన్ను ఎవరూ అలా తిట్టలేదు.

ఆ పరదా ధాన్యం మీది పరదా. యాసంగి పంట కోతలప్పుడు మా వైపు రోడ్డు సగమే రోడ్డు, మిగతా సగం ఆరబోసిన మక్కలదీ వడ్లదీ; మక్కలంటే మొక్కజొన్న గింజలే. అంచున రాళ్ల వరుస పెడతారు, చివరన విరిచిన కొమ్మ నిలబెడతారు. గింజ మీద టైరు పడకుండా పోవడం డ్రైవరు మర్యాద. గింజలు ఎండాలంటే తిప్పాలి గనక, మనిషి మక్కల్లో కాళ్లు ఈడుస్తూ, చాళ్లు చేసుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తాడు. తల దించి, తన పాదాలను చూసుకుంటూ నడుస్తాడు. చివరకు వచ్చాక మళ్లుతాడు. మళ్లేటప్పుడు రెండడుగులు తారు మీదికి వస్తాడు, తల మాత్రం ఎత్తడు. అందుకే రాళ్ల వరుస ఎక్కడ అయిపోతుందో అక్కడ వేగం తగ్గించాలి. బస్సు నేర్చుకునే వాళ్లందరికీ నేనే ఈ సంగతి చెప్పేవాణ్ణి.

మూడో వారం మంగళవారం కొండగట్టులో బండి పూజ చేయించాం. అయ్యగారు మంచి మనిషి, పిసినారితనం లేదు. చక్రాలకు, బానెట్‌కు పసుపు పెట్టి, కుంకుమ తడిపి, ముందు అద్దం మీద పైన సరిగ్గా నడిమధ్యన బొటనవేలితో ఇంత మందాన బొట్టు దిద్దాడు. నిమ్మకాయలు తొక్కించి బండి కదిలించగానే బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలిగింది. కెమెరాకు ఏదో అడ్డం ఉందని, సాయం చేయలేనని మిషిన్ రాసింది. కొండ దిగి జగిత్యాల చేరేవరకు ఒక్క కూత లేదు.

"గా బొట్టు తుడువరాదయ్యా," అంది నా భార్య.

"అంజన్న బొట్టు ఎవలన్న తుడుస్తరా?" అన్నాను.

నా జన్మలో అంత భక్తి నాకు ఎప్పుడూ కలగలేదు. మిషిన్ బంద్ చెయ్యద్దని కదా కూతురు అన్నది. నేను బంద్ చేయలేదు, దేవుడు చేశాడు. పదకొండు రోజులు హాయిగా నడిపాను. వైపర్ వేయలేదు, బండి కడగలేదు. నీళ్ల పైపు పట్టుకుని వచ్చిన పక్కింటాయనను కూడా దేవుడి పేరు చెప్పి వెనక్కి పంపాను.

పన్నెండో రోజు మల్లాపూర్‌లో నా భార్య చెల్లెలింట్లో గృహప్రవేశం. వెనక సీట్లో అరటిపళ్ల గెల, చీరల సంచి. కోరుట్ల దాటి మల్లాపూర్ దారి పట్టాం. రోడ్డు పొడుగునా ఎడమ పక్క మక్కలే. నేను కుడి సగంలో, రాళ్ల వరుసను తాకకుండా పోతున్నాను. మా మరదలు కట్టుకున్న ఇంటికి వాస్తు ఎవరు చూశారన్న దాని మీద నాకూ నా భార్యకూ చిన్న వాదన నడుస్తోంది. నా ముందు తారు ఖాళీగా ఉంది. ఈ మాట ఈరోజు కూడా ప్రమాణం చేసి చెప్పగలను.

కూత వినపడింది. బోర్డు ఎర్రగా అయింది. నేను దాన్ని తిట్టడానికి నోరు తెరిచేలోగా బండి ముక్కు కిందికి దిగి, బెల్టు నా ఛాతీని పట్టేసి, అరటిగెల వచ్చి నా సీటుకు తగిలింది. ఆగిపోయాం. నా కాలు బ్రేకు దాకా పోనేలేదు.

బానెట్ మీద రెండు చేతులు ఉన్నాయి. ఆ చేతుల వెనక ఒక ముసలామె. డెబ్బై దాటి ఉంటాయి. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి ఉంది, పాదాల నిండా మక్కల దుమ్ము. రాళ్ల వరుస అక్కడితో అయిపోయింది. కొమ్మ నిలబెట్టే ఉంది. కొమ్మ కూడా నాకు అప్పుడే కనిపించింది.

దిగి ఆమె దగ్గరికి పోయాను. ఆమె రొమ్ము మీద చెయ్యి వేసుకుని ఊపిరి తీసుకుని, నా గడ్డం పట్టుకుంది.

"నీ కడుపు సల్లగుండ కొడుకా. తప్పు నాదే, సూస్కోకుంట మళ్లిన. గింత మంచిగ ఆపినవ్. ఇంకొకడైతే తొక్కిచ్చి పోతుండె."

నా భార్య ఆమెకు నీళ్లు తాగించి, రెండు అరటిపళ్లు చేతిలో పెట్టి, మక్కల పక్కన నీడలో కూర్చోబెట్టి వచ్చింది.

"నువ్వా ఆపింది, మిషినా?" అని అడిగింది కారెక్కుతూ.

"నేనే," అన్నాను.

అప్పుడు చూశాను, పసుప్పచ్చ దీపం లేదు. పొద్దున బయల్దేరినప్పటి నుంచీ లేదేమో. లోపలి అద్దం పక్కకు తిప్పి చూస్తే, దాని వెనక కుంకుమ మధ్యలో రూపాయి బిళ్లంత మేర అద్దం తేటగా ఉంది, చుట్టూ తడిగుడ్డ మరకలు. నా భార్య కిటికీ వైపు తిరిగింది.

"పొద్దుగాల నేనే తుడిచిన. అంజన్నకు చెప్పుకొనే తుడిచిన. నీకు చెప్తే తుడువనియ్యవు గద." కొంచెం ఆగి, "అయినా నువ్వే ఆపితివి, మిషిన్‌తోని ఏం పని పడలే," అంది.

ఆమె మొహంలో గర్వం ఉంది. రెండేళ్లుగా ఆ గర్వం కోసమే నేను స్తంభాల మీదా అరుగుల మీదా నేరం మోపుతూ వచ్చాను. ఇప్పుడు అది అడగకుండానే దొరికింది. నాకు సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా భయం వేసింది. ఆమె పొద్దున తడిగుడ్డ పట్టుకోకపోతే ఆ ముసలామె ఇప్పుడు నీడలో అరటిపండు తింటూ ఉండేది కాదు.

నా భార్య అప్పటికే కూతురికి ఫోన్ చేసేసింది. "ఏమే, మీ బాపు చెయ్యి ఇంక గట్లనే ఉంది. ఒక ముసలామె పాణం కాపాడిండు. ఇంక తాళంచెవి ముచ్చట తియ్యకు," అని చెప్పి, నీతో మాట్లాడుతుందట అని ఫోన్ నా చేతిలో పెట్టింది. అవతల మగ్గాల చప్పుడు, దాని మీదుగా నా కూతురి నవ్వు వినిపించాయి.

"నిజమేనా బాపూ? మంచి పని చేసినవ్."

ఊ అంటే సరిపోయేది. తాళంచెవి నాకే ఉండేది. కానీ వచ్చే ఏడు కూడా రోడ్ల మీద మక్కలు ఆరబోస్తారు.

"బ్రేకు నేను కొట్టలే బిడ్డా. బండే కొట్టింది. నాకు ఆమె కనవడలే."

పక్కన నా భార్య నా వైపు తిరిగింది.

"కనవడకపోవుడేంది?" అంది ఫోన్‌లో నా కూతురు.

"ఎడమ పక్క కనవడ్తలేదు. ముందట మంచిగనే కనవడ్తది. పక్కకు ఉన్నది కనవడది."

ఆమె మెట్లెక్కి పైకి పోయినట్టుంది, మగ్గాల చప్పుడు తగ్గింది.

"ఎప్పటి సంది?"

కొత్త కారు వచ్చినప్పటి నుంచి అనవచ్చు, పోయిన ఏడు నుంచి అనవచ్చు. డిపోలో ఏటేటా కళ్ల పరీక్ష చేసేవారు. బోర్డు మీద అక్షరాలు కింది వరుస దాకా తప్పు లేకుండా చదివేవాణ్ణి. బోర్డు పక్కన ఏముందో ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. దారి నాకు కంఠతా వచ్చు గనక ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడాన్ని అందరూ నా పనితనం అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

"బస్సు దిగకముందు ఏడాది సంది బిడ్డా."

నా కూతురు చాలా మెల్లగా, నేనెప్పుడూ వినని గొంతుతో అడిగింది.

"గా ఏడు పిల్లగాడు నా కడుపుల ఉన్నడు. చెకప్‌కు జగిత్యాలకు నీ బస్సుల్నే వచ్చేదాన్ని. ఇంకే బస్సు ఎక్కద్దని నువ్వే అన్నవ్ గద బాపూ."

"అవ్ బిడ్డా," అన్నాను. "ఎడమ పక్క, ముందు సీట్ల కూసునేదానివి."