ఆముదం గిన్నెకు పోటీ వచ్చిన సూది

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. మా ఇంట్లో నన్ను చీమ కుడితే వీధి మలుపు తిరిగేసరికి అది తేలవుతుంది. పెన్న దాటేసరికి నాగుపామవుతుంది. ప్రొద్దుటూరు బస్టాండులో దిగేసరికి నేను పోయాననీ, దినాలకు వడలు పెడతారో లేదోననీ జనం మాట్లాడుకుంటూ ఉంటారు. కాబట్టి ఇందులో కొలతలూ బరువులూ నమ్మొద్దు. కుళ్ళు మాత్రం నమ్మండి. దాన్ని నేను పెంచలేదు. పెంచడానికి అందులో ఖాళీ లేదు.

ఆ కుళ్ళు మనిషి మీద కూడా కాదు, సూది మీద. పోనీ కుట్టుపనికైనా వచ్చే సూదా అంటే, దారం ఎక్కించడానికి బెజ్జం కూడా లేనిది.

మాది జమ్మలమడుగు. నా భార్య ప్రైమరీ స్కూలు టీచరు. బోర్డు ముందు నిలబడీ నిలబడీ ఆమె మోకాళ్ళు అరిగాయి. పొద్దున ఆమె మంచం దిగుతుంటే వచ్చే చప్పుడుకి ఎదురింటివాళ్ళు చెనిక్కాయలు వలిచే మిషను ఆన్ చేశామనుకుని లేచేవాళ్ళు. ఎక్స్‌రే తీసిన డాక్టరు, "గుజ్జు అరిగిపోయిందమ్మా, బరువు తగ్గండి, తొడ కండరాలకు వ్యాయామం చెయ్యండి, మరీ ఓర్చుకోలేనప్పుడు ఆపరేషన్ సంగతి చూద్దాం" అన్నాడు. ఇచ్చిన మాత్రలు నొప్పిని కాసేపు తగ్గించి, కడుపులో పొయ్యి వెలిగించేవి. వ్యాయామం రేపటి నుంచి చేద్దామనుకున్నాం. ఆ రేపు అనేది మా ఇంటికి దారి తెలియక ఇంకా తిరుగుతోంది.

ఇక మిగిలింది నేను, నా ఆముదం గిన్నె.

రోజూ సాయంత్రం ఆముదంలో కర్పూరం వేసి వెచ్చజేసేవాణ్ణి. ఆమె మంచం మీద గోడకానుకుని కాలు చాపేది. నేను ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని, బొటనవేళ్ళతో మోకాలి చిప్ప చుట్టూ గోపురం చుట్టూ రథం తిరిగినట్టు తిరిగేవాణ్ణి. నొప్పి ఎంత తగ్గేదో నాకు తెలియదు, ఆమె మాత్రం ఆ కాసేపూ మాట్లాడేది. హెడ్‌మాస్టరు ఎవర్ని ఏమన్నాడు, మధ్యాహ్న భోజనంలో పప్పు ఎంత పలచగా ఉంది, ఏ పిల్ల చెవికమ్మ పోయి ఏ పిల్ల జడలో దొరికింది, అన్నీ. పెళ్ళయి ఇన్నేళ్ళకు మేమిద్దరం వేరే పని లేకుండా మాట్లాడుకునేది ఆ గిన్నె చల్లారేవరకే. అందుకని గిన్నె చల్లారకుండా నేను మధ్యలో రెండోసారి వెచ్చజేసేవాణ్ణి కూడా.

అంతేకాదు, ఏ ఫంక్షనుకు పోయినా ఆమె కోసం ప్లాస్టిక్ కుర్చీ మోసే ఉద్యోగం నాది. చాప మీద కూర్చుంటే మళ్ళీ లేవలేదని, నేను ఎప్పుడూ ఒక కుర్చీ పట్టుకుని ఆమె వెనకే నడిచేవాణ్ణి. చాలా ఊళ్ళలో నన్ను షామియానా కంపెనీ మనిషనుకునేవాళ్ళు. మోకాలు ఆమెదే కావచ్చు, దాని మీద పెత్తనం మాత్రం నాది.

ఇలా ఉండగా పులివెందులలో ఉన్న మా వదిన, అంటే నా భార్య అక్క, ఫోన్ చేసింది. ఆమెకూ అదే జబ్బు. "మే, పొద్దుటూర్లో సూదులు గుచ్చే డాక్టరుండాడే. నాకు శానా మేలుగుండాది. సంగటి కెలికేటప్పుడు గూడా ఇప్పుడు నిలబడే కెలుకుతాండా" అంది. మా వదిన సంగటి కెలికితే తెడ్డు విరుగుతుంది తప్ప సంగటి ఉండ కట్టదు. అటువంటి మనిషి మాట ఎవరు కాదంటారు?

ఆ ఆక్యుపంక్చర్ డాక్టరుగారి ఆసుపత్రి ఒక బంగారు అంగడి మీద, పై అంతస్తులో ఉంది. మోకాళ్ళ వైద్యం మేడమీద పెట్టినవాడి ధైర్యాన్ని మెచ్చుకోవాలి. ఎక్కగలిగినవాళ్ళకు వైద్యం అక్కర్లేదు, అక్కరున్నవాళ్ళు ఎక్కలేరు. మేమెక్కేసరికి కింద అంగట్లో తులం ధర మారిపోయింది.

డాక్టరు సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. నాకు మొదటి చూపులోనే నచ్చలేదు. ఎక్స్‌రే చూసి, "అమ్మా, అరిగిన గుజ్జును ఈ సూదులు తిరిగి పెంచవు. నొప్పి తగ్గొచ్చు. కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి కొంచెమే, కొందరికి అసలు తగ్గదు. ఎట్లా పనిచేస్తుందో పూర్తిగా తేల్చి చెప్పినవాళ్ళు లేరు. నరాలను కదిలించి, మెదడుకు పోయే నొప్పి కబురును మందగింపజేస్తాయని ఒక ఆలోచన. ఏదేమైనా నడక, వ్యాయామం మానొద్దు" అన్నాడు. తన సరుకును తనే ఇంత తక్కువ చేసి చెప్పే వ్యాపారిని ప్రొద్దుటూరులో అంతకుముందు చూడలేదు. దాంతో ఇంకా నచ్చలేదు.

తర్వాత సూదులు తీశాడు. ఒక్కొక్కటి గడ్డపారంత ఉంది. సరే, తల వెంట్రుక కంటే కాస్త లావు. మోకాలి చుట్టూ, పిక్కమీద, పాదం దగ్గర టక్కు టక్కుమని నాటాడు. నా భార్య కేక వేస్తుందని ఎదురుచూశాను. వెయ్యలేదు. "చీమ కుట్టినట్టు గూడా లేదు మామా" అని కళ్ళు మూసుకుని నిద్రపోయింది. నేను పిసికినన్నాళ్ళలో ఆమె ఒక్కసారి కూడా నిద్రపోలేదు. అప్పుడు మొదలైంది నాకు కడుపుమంట, మాత్రలు వేసుకోకుండానే.

బయట బెంచీ మీద నాకొక ఆప్తుడు దొరికాడు. కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చిన సాయిబు. "నాకైతే ఏం ఫరక్ పడల్యాప్పా, ఇంగ నిలిపేస్తాండా" అన్నాడు. ఆయన్ని కౌగిలించుకోబోయి, చేతిలో టీ ఉండటంతో ఆగాను.

నేనట్లా బెంచీ మీదుండగా డాక్టరు లోపల ఆమెతో, "సూదులకు వచ్చే రోజు నూనె రాసుకోవద్దు, చర్మం శుభ్రంగా ఉండాలి" అన్నాడు. ఆయన అన్నది అంతేనని నాకు తెలిసింది చాలా తర్వాత. కానీ మా సీమలో వైద్యమంటే పథ్యం ఉండాలి. పథ్యం లేని మందును మందుగా లెక్కచెయ్యరు. డాక్టరు చెప్పకపోతే మేమే చెప్పుకుంటాం. మా వదిన ఫోనులోనే శాసనం జారీ చేసింది. "వంకాయొద్దు, గోంగూరొద్దు, చింతపండు తగ్గించు. నూనె సంగతంటావా, ఆ వైద్యం ముగిసేదాంక మోకాలికి తాకనీగూడదు. మర్దికి గూడా చెప్పు, చేతులు ఊరకుండవు ఆయనకి."

అట్లా నన్ను వంకాయతో కలిపి నిషేధించారు.

వారాలు గడిచాయి. సూదులకు పోయివచ్చేకొద్దీ ఆమె నడక మారింది. పూర్తిగా తగ్గిందని కాదు. మెట్లు దిగేటప్పుడు ఇంకా గోడ పట్టుకునేది. కానీ పొద్దున మంచం దిగితే చెనిక్కాయల మిషను ఆడటం లేదు. సూదుల డాక్టరు నేర్పిన వ్యాయామం కూడా చేస్తోంది. నేను చెప్పినప్పుడు చెయ్యలేదు గుర్తుంచుకోండి. సాయంత్రమైతే పక్కింటి ఆడవాళ్ళతో నడకకు పోయేది. స్కూలు కబుర్లన్నీ ఆ దారిలోనే ఖర్చయిపోయేవి. హెడ్‌మాస్టరుకు బదిలీ అయిందని నాకు పాలామె చెప్పింది. నా భార్య స్కూలు హెడ్‌మాస్టరు సంగతి, నాకు, పాలామె!

వంటింటి అలమారలో ఆముదం గిన్నె బోర్లించి ఉండేది. దాన్ని చూస్తే పదవి పోయిన సర్పంచి గుర్తొచ్చేవాడు.

అసలు అవమానం పులివెందులలో జరిగింది. మా వదిన కూతురి పెళ్ళి. తలంబ్రాల బియ్యం కలపడానికి ముత్తైదువలు చాప చుట్టూ చేరారు. నేను అలవాటు ప్రకారం కుర్చీ ఎత్తుకుని జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాను. చూస్తే ఏముంది, నా భార్య ఒక చేత్తో నేల పట్టుకుని, మెల్లగా వంగి, చాప మీద కూర్చునే ఉంది. చేతులకు పసుపు, మొహం నిండా నవ్వు. ఆమె నేలమీద కూర్చోవడం చూసి ఎన్నేళ్ళయిందో. సంతోషించాల్సిన సమయం. నేను మాత్రం కుర్చీ పట్టుకుని, టికెట్టు లేకుండా బస్సెక్కినవాడిలా నిలబడ్డాను.

"ఏం మర్దీ, ఆ కుర్చీ యాడికి ఎత్తకపోతాండావు?" అంది వదిన.

"నాకే వదినా, కుచ్చుందామని."

"ఆడోళ్ళ మధ్యలోనా? సూదులు మా చెల్లెలికి గుచ్చితే పిచ్చి నీకెక్కిందే!"

బియ్యం ఎగిరిపడేట్టు నవ్వారందరూ. ఆ నవ్వు సింహాద్రిపురం దాకా వినిపించిందని అటునుంచి వచ్చిన చుట్టాలు చెప్పారు.

ఇక ఆగలేకపోయాను. మర్నాడే ఒక్కణ్ణే ప్రొద్దుటూరు పోయి, నాకూ మోకాలి నొప్పి అని చెప్పి బల్ల మీద పడుకున్నాను. ఆ సూది గొప్పతనం ఏమిటో నా కాలితోనే తేల్చుకుందామని. డాక్టరు మోకాలు అటు వంచి ఇటు వంచి చూశాడు. "మీ మోకాలికేం లేదు సార్. ఆ బొటనవేళ్ళు చూపించండి" అన్నాడు.

చూపించాను. రెండూ మొదళ్ళ దగ్గర వాచి ఉన్నాయి.

"నొప్పి ఎన్నాళ్ళ నుంచి?"

"నొప్పా? నాకు తెలీదే."

"పిండినట్టున్నారు చాలా. వీటికి ఇంకా కొన్నాళ్ళు విశ్రాంతి కావాలి."

నేను అసలు సంగతికి వచ్చాను. "సార్, నూనె ఎప్పటిదాకా రాయకూడదు?"

"ఇక్కడికి వచ్చే రోజు వద్దన్నాను. మిగతా రోజులు మీ ఇష్టం. మెల్లగా రాస్తే హాయిగానే ఉంటుంది."

కోర్టులో కేసు గెలిచినవాడిలా మెట్లు దిగాను. జమ్మలమడుగు బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. ఇంటికొచ్చి గుమ్మంలోనే అరిచాను. "డాక్టరు నూనె వద్దనలేదు! సూదులకు పోయే ఆ ఒక్కరోజే వద్దన్నాడు!"

ఆమె ఎదురుగా నోటుబుక్కులు దిద్దుతోంది. తల ఎత్తలేదు.

"నాకు తెల్సులే మామా."

"తెల్సా? మరి మీయక్క పథ్యం?"

"అక్క చెప్పేవన్నీ చేస్తానా నేను? మొన్న గుత్తివంకాయ తింటివే, ఎవరు చేసినారు?" అంది. అప్పుడు తల ఎత్తింది. "నీ బొటనేళ్ళు వాచిండేది చూడల్యా అనుకుంటివా? బొటనేలు తగలకుండా టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటాంటివి. నువ్వు చాలించమంటే చాలించే మనిషివా? అందుకే అక్క మాట అడ్డం పెట్టుకుంటి."

నేను రెండు బొటనవేళ్ళూ అరచేతుల్లోకి ముడిచి దాచుకున్నాను.

ఆ సాయంత్రం ఆమె నడకకు పోలేదు. మంచం మీద గోడకానుకుని, "ఎడమది ఇంగా రవ్వంత నొస్తాంది" అని కాలు చాపింది. నేను గిన్నె వెచ్చజేశాను. బొటనవేళ్ళు వాడకుండా, అరచేత్తో, పిల్లి వీపు నిమిరినట్టు రాశాను. హెడ్‌మాస్టరు బదిలీ కథ మొదటి నుంచి చెప్పింది. పాలామె చెప్పినదాంట్లో సగం తప్పు.

ఇక ఒప్పుకోవాలి కదా, ఇందులో నేను కల్పించింది ఏదో. సూది గడ్డపారంత లేదని ముందే ఒప్పుకున్నాను. సింహాద్రిపురందాకా వినిపించిన నవ్వు నిజమో కాదో మా వదినను అడగండి. నేను నిజంగా కల్పించింది ఒక్కటే మాట. "ఎడమది ఇంగా రవ్వంత నొస్తాంది" అని ఆమె అనలేదు.

ఏమీ అనలేదు. ఊరికే కాలు చాపింది.