ట్యాంక్‌కి ఇటుక పేర్చిన అప్పలస్వామి గారు

1999లో భిలాయిలోని ఖుర్సీపార్‌లో మూడు కంప్యూటర్లతో ఇంటర్నెట్ షాపు నడిపేవాణ్ణి. ఈమెయిల్ కోసమో, పరీక్షా ఫలితాల కోసమో వచ్చేవాళ్లే ఎక్కువ. టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే జ్యోతి మాత్రం ఆట కోసం వచ్చేది. ఆ ఆటలో బొమ్మలుండవు, తెర నిండా ఇంగ్లిషు వాక్యాలే. ఏయే దేశాలవాళ్లో నలుగురు ఆమె జట్టు. జట్టులో జ్యోతిది ట్యాంక్, అంటే అందరికన్నా ముందు నిలబడి, వెనకవాళ్లకు తగలకుండా దెబ్బలు కాచుకునే పాత్ర.

ట్యాంక్‌కి స్టాట్స్, అంటే ఏ బలం ఎంతుండాలో, ఎంచుకోవడం పెద్ద చిక్కు. ఉన్న పాయింట్లను మూడింటికి పంచాలి. ఆర్మర్ కత్తిదెబ్బను తగ్గిస్తుంది, రెసిస్టెన్స్ నిప్పును ఓర్చుకుంటుంది, హిట్ పాయింట్స్ అంటే ఒంట్లో ఉన్న ప్రాణం. "ఏం పెంచను భయ్యా?" అని జ్యోతి అడిగితే, అన్నీ ఔపోసన పట్టినవాడిలా "ఆర్మరే, ఇంకేం ఆలోచించకు" అన్నాను. డ్రాగన్ గుహలో ఆమె పాత్ర చచ్చిపోయింది. "ఇంకా పెంచు" అన్నాను. మళ్లీ చచ్చింది. మూడోసారి చస్తే ఆ పాత్ర శాశ్వతంగా పోతుంది, ఎనిమిది నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. తప్పు నాదని తెలుసు. ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం జట్టు మళ్లీ గుహకు బయల్దేరుతుందనగా జ్యోతి నాన్న అప్పలస్వామి గారు వచ్చారు. ప్లాంటులో, కరిగిన ఉక్కు పోసే లేడిల్ అనే పెద్ద గంగాళం లోపల ఇటుక పేర్చే పని ఆయనది. కేకలేద్దామనే వచ్చినట్టున్నారు గానీ కూతురి ముఖం చూసి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఏటైంది తల్లీ?"

సగం హిందీలో, సగం తెలుగులో జ్యోతి అంతా చెప్పింది. ఆయన నావైపు తిరిగారు.

"ఏ దెబ్బకి సచ్చిందో సూసినారేటి బాబూ?"

చూడలేదు. ఆటలో జరిగిందంతా వరసగా నమోదయ్యే ఫైలును లాగ్ అంటారు. అది నా కంప్యూటర్లోనే ఉన్నా తెరిచిన పాపాన పోలేదు. ఇప్పుడు తెరిస్తే, కత్తిదెబ్బలు గీసుకుపోయాయంతే. ప్రాణం తీసింది నిప్పు.

"లేడిల్లోన అంతటా ఒకటే ఇటిక ఎట్టం బాబూ. ఉక్కు మీద స్లాగ్ మడ్డి తేలే కాడ ఇటికని ఎక్కువ తినేస్తాది, ఆడ ఏరే రకం ఎడతాం. యెక్కడ తినేస్తందో ముందల సూడాల."

జ్యోతి ఆర్మర్‌లో సగం తీసి రెసిస్టెన్స్‌లో పెట్టింది. జట్టు గుహలోకి దిగింది. ఆయనకు ఇంగ్లిషు రాదు కాబట్టి ప్రతి వాక్యం చదివి చెప్పింది.

"నిప్పు ఊదింది నాన్నా. తొంభై ఉంది... యాభై... మళ్లీ ఊదింది."

చివరికి డ్రాగన్ కూలింది. జ్యోతికి పదకొండు హిట్ పాయింట్లు మిగిలాయి.

"బతికింది!" అని షాపు అదిరేలా అరిచాను.

"మనది సరేగానీ, ఎనకాల ఉన్నోలందరూ ఉన్నారేటి? అడుగమ్మా" అన్నారు అప్పలస్వామి గారు.

జ్యోతి టైపు చేసింది. ఉన్నామంటూ ఒక్కొక్కరే జవాబిచ్చారు. నాలుగో పేరు తెర మీద కనబడేదాకా ఆయన స్టూలు మీంచి లేవలేదు.

ముందు లాగ్ చూడాలని ఆ రోజు నేర్చుకున్నాను. కానీ అంతకన్నా నాకు సిగ్గనిపించింది ఇంకొకటి. రెండుసార్లు సలహా ఇచ్చిన నేను ఆ నలుగురి పేర్లైనా అడగలేదు. తర్వాత ఆటలో ట్యాంక్‌ని తయారుచేసుకోవాలంటూ ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే: నీ వెనక ఎవరున్నారు?